నాలుక కింద మాత్ర

ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే ఆవిడకు పేటవాళ్లు పెట్టిన పేరు నాలుకెత్తక్క. ఎదురుగా ఎవరూ అనరు గానీ, ఆవిడకు తెలియనిదేం కాదు. నొప్పి మాత్రలకో మత్తు సూదులకో బానిసలైనవాళ్లు రోజూ పొద్దున్నే ఆమె కిటికీ ముందు నిలబడతారు. ఆ యావను అణిచే మాత్ర ఒకటి ఇస్తుంది. మింగకూడదు. నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా పది నిమిషాలు నోరు మెదపకుండా బెంచీ మీద కూర్చోవాలి. తర్వాత ఆమె టార్చి వేసి "ఏదీ, నాలుకెత్తు" అంటుంది.

"నా నోరు ఇంతసేపు మూయించడం మా ఆవిడ వల్ల కూడా కాలేదక్కా" అన్నాడొక ఆటో డ్రైవరు.

"అందుకేగా నిన్ను రోజూ ఇక్కడికి తరుముతోంది!"

నాలుగేళ్ల కిందట ఒక పెయింటర్ వచ్చి, "మాత్ర మానేశానక్కా, నా అంతట నేనే" అన్నాడు. ఆమె శభాష్ అంది. బెంచీ మీదివాళ్ల చేత చప్పట్లు కొట్టించింది. రిజిస్టరులో అతని పేరు పక్కన 'నయమైంది' అని రాసింది. పదకొండో రోజున అతని అక్క వచ్చి చెప్పింది: ఒక్కసారికేనని పాత మత్తుమందు పాత మోతాదులోనే వేసుకున్నాడట. అలవాటు తప్పిన ఒంటికి అది ఎక్కువైంది. నిద్రలోనే ఊపిరి ఆగిపోయింది. మనోబలం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లెవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అందుకే, రెండేళ్లుగా ఒక్క పూటా తప్పని దర్జీ నాలుగు రోజులు కనబడకపోయేసరికి, ఐదో రోజు ఆమె కిటికీ మూసి అతని కొట్టుకు వెళ్లింది. నడుము ఆపరేషన్ తర్వాత వాడిన మాత్రలతో మొదలైంది అతని కథ. ఇప్పుడు మిషను ముందు కూర్చుని ఆవులిస్తున్నాడు. కళ్ల వెంట నీళ్లు, మందు ఆగినవాళ్లకు కారినట్టే. సూదిలోకి దారం ఎక్కడం లేదు.

పక్కన కాజాలు కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది: "ఇంక రాడక్కా. మాన్పించేశాం. ఒకటి మాన్పించి ఇంకోటి అంటగట్టారు మీరు. రెండేళ్లు! గట్టిగా అనుకుంటే ఏదైనా మానొచ్చని మా అన్నయ్య అన్నాడు."

"మీ అన్నయ్యకు కళ్లజోడుందా?"

"ఉంది. అయితే?"

"గట్టిగా అనుకుని తీసేయమను."

దర్జీ నవ్వబోయి దగ్గాడు. భార్య నవ్వలేదు. నాలుకెత్తక్క స్టూలు లాక్కుని కూర్చుంది. పెయింటర్ సంగతి మొత్తం చెప్పింది, చప్పట్లతో సహా. "వాడు పోవడానికి నా శభాష్ ఒక్కటే కారణం కాదనుకో. కానీ ఆ రోజు లాక్కెళ్లి డాక్టరు ముందు కూర్చోబెట్టాల్సింది. చప్పట్లు కొట్టించాను" అంది.

దర్జీ మిషను సొరుగు తెరిచాడు. బొత్తాల డబ్బా కింద నుంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. పాత నొప్పి మాత్రలు, ఐదు.

"నిన్న కొన్నాను. వేసుకోలేదు" అన్నాడు భార్య వైపు చూడకుండా. "ఈ సాయంత్రం వేసుకుందామనుకున్నా."

"ఐదూనా?" అంది భార్య.

"అప్పట్లో అంతే వేసుకునేవాణ్ణి."

ఆమె చేతిలోని సూది కాజాలోనే ఆగిపోయింది. తర్వాత ఆమే లేచి కొట్టు షట్టరు దించింది.

కేంద్రంలో డాక్టరు అతన్ని పరీక్షించి, మందు మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టాడు. దర్జీ బెంచీ మీద నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ భార్య అతని మోకాలి మీద చెయ్యి తీయలేదు. ఈలోగా నాలుకెత్తక్క ఆమె చేతిలో చిన్న స్ప్రే పెట్టింది. మత్తు ఎక్కువై మనిషి పలక్కుండా, ఊపిరి సన్నగిల్లితే ముక్కులో కొట్టేది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా పక్కనే ఉండాలి.

"బీరువాలో దాచుకోనా?"

"తాళం పడే చోట వద్దు. నువ్వు లేనప్పుడు వేరేవాళ్లకూ కనబడాలి."

"నలుగురూ అడుగుతారు కదక్కా!"

"అడగనీ."

మర్నాడు కొట్టులో, కత్తెర తగిలించే మేకు పక్కన ఆ స్ప్రే వేలాడుతోంది. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చినాయన అదేమిటని అడిగాడు.

"మందండీ. మా ఆయన పడిపోతే ముక్కులో కొట్టాలి" అంది ఆమె, టేపు విప్పుతూ. "పొడవెంత పెట్టమంటారు?"