ఎనిమిది దగ్గర ఆగిన కొలత

అది 1927 వేసవి. నర్సీపట్నంలో ఒక డాక్టరు గారి వద్ద నేను ఆపరేషన్ గది పని నేర్చుకుంటున్నాను. రోగికి క్లోరోఫారం ఇచ్చే బాధ్యతను ఆయన మొదటిసారిగా నాకు అప్పగించిన రోజది.

రోగి మాకవరపాలెం రైతు. పేగు జారిన బాధతో వచ్చాడు.

"మళ్ళీ లెగుత్తానా బాబూ?" అని అడిగాడు.

"తప్పక లేస్తావు. కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలుస్తున్నాననుకొని, మత్తు వచ్చేవరకు పైకి లెక్కపెట్టు" అన్నాను.

ధాన్యం కొలిచేవారి ఆచారం ప్రకారం అతడు ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టాడు. రెండు, మూడు అంటూ సాగి, ఎనిమిది దగ్గర గొంతు ఆగింది. తలుపు అవతల కూర్చున్న అతని భార్యకు కూడా ఆ లెక్క వినబడింది.

ఆపరేషన్ చక్కగా ముగిసింది. కాని రోగికి ఎంతసేపటికీ తెలివి రాలేదు. నాడి ఆడుతోంది గాని, పిలిస్తే పలకడం లేదు. మందు ఎక్కువ వేశానేమోనని సీసాలో మిగిలినదాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. డాక్టరు గారు అతని భార్యను లోపలికి పిలిపించారు.

ఆమె అతని చెవి దగ్గరికి వంగి, "ఏటయ్యా, కొలత మద్దిలో ఆపీసినావు? ఇంకెవులైనా ఆపితే ఊరుకోవు గదా నువ్వు! ఎనిమిదైనాది. తరవాతేటో సెప్పు, బేగి!" అని గద్దించింది.

పెదవులు కదిలాయి. "తొమ్మిది" అన్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "కుంచమేదే?" అని అడిగాడు.

"ఇంటికాడున్నాది. ముందు నువ్వు లెగు" అంటూ ఆమె అప్పుడు ఏడ్చింది.

అంకెలను తప్ప మరి దేనినీ నమ్మనని మా ఇంటివారు నన్ను ఎగతాళి చేస్తారు. ఆ వృత్తిలో ఉన్నంతకాలం ప్రతి రోగి మత్తులోకి జారుతూ పలికిన చివరి అంకెను గుర్తుంచుకునేవాణ్ణి. తెలివి వచ్చే వేళ, దాని తరువాతి అంకె కోసం చెవి ఒగ్గి నిలబడేవాణ్ణి.