చిన్నత్తకు తెలిసిన అర్థం

మొన్న రాజమండ్రిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, చర్చిలో జరగబోయే పరీక్ష కోసం మా మనవరాలు పది ఆజ్ఞలనూ, వాటి అర్థాలనూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఇందులో నీకు అర్థమైనదేమిటే అని నేనడిగితే, అదీ ఫోనే చెప్పేస్తుంది అమ్మమ్మా అని నవ్వేసింది. ఇంట్లోవాళ్ళంతా పిల్ల తెలివికి మురిసిపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అరవై ఏళ్ళనాటి కోపం ఒకటి ఇంకా చల్లారలేదని అప్పుడే తెలిసింది.

కొవ్వూరు చుట్టుపక్కల పల్లెల్లో మాలాగా చర్చికి వెళుతూ పెరిగిన నా ఈడు వాళ్ళకు ఆ పరీక్ష గుర్తుండే ఉంటుంది. పాస్టరు అయ్యగారు ఒక్కో ఆజ్ఞ చదివి దాని అర్థమేమిటని అడిగేవారు, మనం పుస్తకంలో ఉన్న వాక్యాలను పొల్లుపోకుండా చెప్పాలి. గట్టెక్కిన వాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం. మిగతావాళ్ళు వెనక చాపల మీద కూర్చుని చూడాల్సిందే. అలా చూస్తూ కూర్చున్నవాళ్ళలో మా చిన్నత్త ఒకతె. నాన్నకు చెల్లెలు, పెళ్ళైన రెండేళ్ళకే మామయ్య పోతే మా ఇంటికి వచ్చేసి కూలికి పోయేది. చదువు రాదు, విని నేర్చుకుందామంటే ఆ పుస్తకపు మాటలకు నోరు తిరిగేది కాదు. ముప్పై దాటిన మనిషి, వరసగా నాలుగేళ్ళు పిల్లల మధ్య నిలబడి, తప్పి, వెనక్కి వచ్చింది. ఆ రొట్టె మీద ఆమెకున్న ఆశ అంతా ఇంతా కాదు. అది ఇచ్చే ఆదివారాల్లో, ఏమో, ఇవాళ పిలుస్తారేమోనని పొద్దుట ఏమీ తినకుండా వచ్చేది.

నా పదమూడో ఏట అత్తతోపాటు నేనూ ఆ పరీక్షకు వెళ్ళాను. ఆ ఏడు కోతల్లో కామందుగారి కళ్ళంలో ఇత్తడి బిందె పోయింది. కూలివాళ్ళలో ఒకావిడంటే మేస్త్రికి మొదట్నుంచీ పడదు. ఆవిడే తీసిందని, తీస్తుంటే చూశామని చెప్పమని ఆడవాళ్ళందరినీ నిలబెట్టి చెప్పాడు. పని పోతుందన్న భయంతో అందరూ తలలూపారు. వాళ్ళను నేను తప్పు పట్టను, పిల్లలున్నవాళ్ళు. మా అత్త మాత్రం, "నేను చూళ్ళేదండి. చూడంది చూశానని ఎలా చెప్తానండీ?" అంది. మర్నాటి నుంచి అత్తను పనికి పిలవలేదు. కోతలైనన్నాళ్ళూ ఇంట్లోనే ఉండిపోయి, ఉన్న గంజిలో తన వాటా పిల్లలం మాకు పోసేది.

క్రిస్మస్ ముందు ఆదివారం పరీక్ష. అత్త వంతుకు వచ్చింది, పొరుగువాళ్ళ మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ. అర్థమేమిటని అయ్యగారు అడిగారు. అత్త పుస్తకపు వాక్యం అందుకుంది, సగంలో తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి, "లేనిది చెప్పకూడదండి... ఆకలేసినా సరేనండి" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. అయ్యగారు చెడ్డవారేం కాదు, విసుక్కోలేదు కూడా. నీకు అర్థం తెలియలేదమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. తర్వాత అదే ఆజ్ఞ నన్నడిగారు.

నాకు ప్రతి అక్షరం వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అమ్మ కుట్టించిన కొత్త తెల్ల పరికిణీ కట్టుకుని, ఊరంతా చూస్తుండగా, నేను చెప్పనన్నాను. "నాకు మాటలొచ్చండి. అర్థం మా అత్తకే తెలుసండి. ఆవిడకు లేని రొట్టె నాకొద్దండి" అన్నాను. ఇంటికెళ్ళాక అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగింది, పిల్లకు పొగరెక్కిందని ఊరు నెల్లాళ్ళు చెప్పుకుంది. మరుసటి ఏటికి ఆ పరికిణీ నాకు పొట్టిదైపోయి చెల్లికి పోయింది.

ఆ ఏడాదంతా నేనే అత్తకు నేర్పాను. ఊడ్పులకు వెళ్ళేటప్పుడు గట్టు వెంట ఆమె వెనకే నడుస్తూ, ఒక్కో ముక్కా పాటలా పలికిస్తూ, తప్పితే కసురుకుంటూ నేర్పాను. మరుసటి క్రిస్మస్‌కు ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఇప్పుడు అర్థమైందమ్మా నీకు అని అయ్యగారు సంతోషించారు, చర్చి అంతా తలూపింది. ఆ వెనకే నేనూ అప్పజెప్పేశాను, ఇద్దరం పక్కపక్కనే మోకరించి రొట్టె అందుకున్నాం. బయటికి వచ్చాక చూస్తే అత్త మొహం వాడిపోయి ఉంది. "ఎక్కడ మాట తప్పుతానోనన్న బెంగే గానీ, దేవుడు గుర్తే రాలేదే అమ్మాయ్. పోయినేడు ఇచ్చుంటే బాగుండేది" అంది.

అత్త పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పుడు మా చర్చిలో ఎవరినీ తప్పించడం లేదు, వెనక కూర్చుని చూసేవాళ్ళూ లేరు. మంచిదే. కానీ అర్థమంటే అప్పజెప్పడమేనన్న మాటను నేను ఆ రోజు ఒప్పుకోలేదు, ఈ వయసులోనూ ఒప్పుకోను. అత్త చెప్పిందే సరైన జవాబని ఏ అయ్యగారి ముందైనా నిలబడి అంటాను. నన్ను పొడిచేది ఒక్కటే. అంతమంది ముందు ఆమె జవాబు కోసం ఎదిరించి నిలబడ్డ నేనే, ఇంటికొచ్చి, ఏడాది పొడుగునా కసిరి కసిరి ఆమె చేత ఆ జవాబు మాన్పించాను.