ఇరవై ఎనిమిది పాఠాలు

మొన్న గుడివాడలో ఒక పార్సిల్ పంపడానికి లారీ ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా రసీదు పుస్తకంలో రెండు కాగితాల మధ్య నీలం కార్బన్ పెట్టి, పెన్ను గట్టిగా నొక్కి రాసి, కింది కాగితం చింపి నా చేతికిచ్చాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోవడం వల్ల దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని చదవవలసి వచ్చింది. మైనమూ నూనే కలిసిన ఆ వాసన తగలగానే రహమతుల్లా గారు గుర్తుకొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు ముగ్గురో నలుగురో మిగిలి ఉంటారు. ఇంటికి వచ్చి ఆనాటి డైరీ తీసి చదివాను. ఇక్కడ రాస్తున్న సంగతులు చాలావరకు అందులో ఉన్నవే. మాటలు మాత్రం కొన్ని జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నాను.

అప్పుడు నేను కోడూరులో ఒక బడిలో పనిచేస్తున్నాను. బి.ఏ. ఉంది, ట్రైనింగు లేదు. ట్రైనింగు లేనివాడి ఉద్యోగం ఖాయం కాదు. యాజమాన్యం ఒక్క ఏడాది సెలవిచ్చింది. బి.ఎడ్. పట్టాతో తిరిగి రావాలనీ, రాకపోతే నా స్థానంలో వేరొకరిని చూసుకుంటామనీ ఉత్తర్వులోనే రాశారు. బందరులో కొత్తగా పెట్టిన ట్రైనింగ్ కాలేజీలో సీటు దొరికింది. ఒక మేడ అద్దెకు తీసుకుని నడిపేవారు. విశ్వవిద్యాలయం ఆ కాలేజీని ఏటా తనిఖీ చేసి గుర్తింపు పొడిగిస్తుందనీ, పొడిగించకపోతే మమ్మల్ని పరీక్షకు కూర్చోనివ్వరనీ చేరేటప్పుడు మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మా అసలు సర్టిఫికెట్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. మొత్తం అరవై మందిమి ఉండేవాళ్ళం.

రహమతుల్లా గారు సోషల్ స్టడీస్ బోధించే పద్ధతులు చెప్పేవారు. బందరు మనిషే. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు పెట్టిన కోటుతో సైకిలు మీద వచ్చేవారు. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ నీలంగా ఉండేది. మేము ఆయన విద్యార్థులమే అయినా ప్రతివాణ్ణీ "మాస్టారూ" అని పిలిచేవారు. మా సెక్షనులో పదకొండు మందిమి. ప్రతి ట్రైనీ ఊళ్ళోని బడులలో నలభై పాఠాలు చెప్పి, ఒక్కోదాన్నీ తన పుస్తకంలో రాయాలి. చెబుతున్నంతసేపూ లెక్చరరు వెనక బెంచీలో కూర్చుని గుణదోషాలు వేరే కాగితం మీద రాసి, ఆ పుస్తకంలో సంతకం చెయ్యాలి. ఆ నలభై సంతకాలు ఉంటేనే పరీక్ష.

నా మొదటి పాఠం ఏడో తరగతికి, నదుల గురించి. రంగు సుద్దలతో కృష్ణానదిని పడమటి కొండల నుంచి సముద్రం దాకా బోర్డు మీద వేసి, ఎక్కడ కలుస్తుందో బెత్తంతో చూపించి చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. గంట కొట్టాక ఆయన లేచి వచ్చారు.

"బొమ్మ బాగుంది మాస్టారూ. ఆ రెండో బెంచీ పిల్లలు ఎవరో అడిగారా?"

"లేదండీ."

"నలుగురికీ హంసలదీవి అమ్మమ్మగారి ఊరు. సెలవులిస్తే ఆ నీళ్ళలోనే ఉంటారు. నది సముద్రంలో ఎక్కడ కలుస్తుందో వాళ్ళకు మీరు చెబుతున్నారు. వాళ్ళను చెప్పమంటే మీరూ నేర్చుకునేవారు కదండీ."

అదే మాట రాసి, కార్బన్ కింద ఉన్న రెండో కాగితం చింపి నాకిచ్చారు. మిగతా లెక్చరర్లు ఒక్క ప్రతి రాసి ఆఫీసులో ఇచ్చేవారు. నాకెందుకని అడిగాను. "మీ గురించి రాసిన కాగితం మీ దగ్గర ఉండాలండీ. లేకపోతే రేపు మీ గురించి ఎవరేం చెప్పినా నమ్మవలసిందే, మీరు కూడా" అన్నారు. మాలో కొందరు ఆ కాగితాలను పుస్తకాల అట్టల్లో కుక్కేవారు. ఒకాయన బజ్జీల నూనె అద్దడానికి వాడేవాడు. నేను తేదీల వరసన దారంతో కుట్టి పెట్టుకున్నాను. అందులో ముందుచూపేమీ లేదు, నా స్వభావం అంతే.

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. దివిసీమ నుంచి వచ్చిన జనాన్ని బడులలో ఉంచారు. వారాల తరబడి పాఠాలు జరగలేదు. మళ్ళీ మొదలై ఏడాది చివరికి వచ్చేసరికి నాకు ఇరవై ఎనిమిది పాఠాలు అయ్యాయి. అందరి పరిస్థితీ దాదాపు అదే. ఇంతలో తనిఖీ సంఘం వస్తోందని తెలిసింది. కాలేజీ కార్యదర్శి మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టారు. లైబ్రరీ అలమరల్లోకి ఊళ్ళో తెలిసినవాళ్ళ ఇళ్ళనుంచి పుస్తకాలు అప్పటికే చేరుతున్నాయి.

"వాళ్ళు నలభై అడుగుతారు, నలభై ఉండాలి. ఉన్నవాటికి పన్నెండు కలిపి రాసెయ్యండి. మీ మంచికే చెబుతున్నానండీ. గుర్తింపు పోతే నేను మేడ ఖాళీ చేస్తాను, అంతే. ఏడాది పోయేది మీకు."

నా పక్కన లెక్కల సెక్షను సాంబశివరావు కూర్చున్నాడు. కృత్తివెన్ను బడి మాస్టరు, ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను బావా అనేవాడు. "రాసేద్దాం బావా, మనం చెప్పలేక మానేశామా? గాలివాన చెప్పనిచ్చిందా?" అన్నాడు. నాకూ అది న్యాయంగానే తోచింది. మూడు రోజుల్లో పన్నెండు పాఠాలు రాశాను. నేనడిగిన ప్రశ్నలూ పిల్లల జవాబులూ అన్నీ కల్పించాను. డైరీలో ఆ మూడు రోజులూ "పని పూర్తి" అని మాత్రం ఉంది.

రహమతుల్లా గారు నా పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపికగా చదివారు. "ఈ పన్నెండు పాఠాల్లో ఒక్క కుర్రాడు కూడా తప్పు జవాబు చెప్పలేదేమండీ? ఈ బడి ఎక్కడుందో చెప్పండి, మావాణ్ణి చేర్పిస్తాను" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"సంతకం పెట్టండి సార్. నాకు సెలవు మళ్ళీ ఇవ్వరు."

"తెలుసు. అందుకే పెట్టను. మీరు చెప్పినవి ఇరవై ఎనిమిది, నేను కూర్చున్నవి ఇరవై ఎనిమిది. ఆ ఇరవై ఎనిమిదీ మీ ఆస్తి. వాటిమీద ఈ పన్నెండూ పెడితే అవి కూడా అబద్ధమైపోతాయి."

అది మొండితనమనుకున్నాం. ఆయన మీద కార్యదర్శికి అర్జీ పెట్టాం. మా భవిష్యత్తుతో ఆయన ఆటలాడుతున్నారని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం నాది, దస్తూరీ నాది, మొదటి సంతకం నాది. కార్యదర్శి మా పుస్తకాల్లో మరో లెక్చరరు చేత సంతకం చేయించి, ఆఫీసు కాగితాల్లోనూ పన్నెండేసి కలిపించారు.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన లైబ్రరీ వైపు చూడనైనా చూడలేదు. పాఠాలు జరిగిన బడుల హాజరు పట్టీలు తెప్పించమన్నారు. మేమందరం ఒకే పొరపాటు చేశాం. కలిపిన పాఠాలకు తేదీలు కావాలి. మా పుస్తకాల్లో ఖాళీగా ఉన్న తేదీలు తుఫాను తర్వాతి వారాలవే. ఆయన నా పుస్తకం తెరిచి నన్ను పిలిచారు.

"ఈ తేదీన ఆ బడిలో గంజి పోస్తున్నారని పట్టీలో ఉంది. మీరు పాఠం ఎవరికి చెప్పారండీ?"

ఆయన పుస్తకాలన్నీ మూసి, వీటిలో ఏది జరిగిందో ఏది జరగలేదో తేల్చలేం కనుక ఏదీ లెక్కలోకి తీసుకోబోమన్నారు. అప్పుడు రహమతుల్లా గారు తలుపు దగ్గర నుంచి, "నా పదకొండు మంది దగ్గర కార్బన్ ప్రతులున్నాయండీ. ఇరవై ఎనిమిదికి మించి ఒక్కటీ ఉండదు. పట్టీలతో సరిచూసుకోండి" అన్నారు. నేను గదికి పరుగెత్తి నా కట్ట తెచ్చాను. అందులో ఒక్క తేదీ కూడా తప్పలేదు. తక్కినవాళ్ళు అట్టలు విప్పి, పెట్టెలు దులిపి తెచ్చారు. ఇద్దరి కాగితాలు దొరకలేదు.

కాలేజీకి గుర్తింపు పోయింది. ఋజువున్న తొమ్మిది మందినీ వేరే ఊరి కాలేజీకి మార్చి, మిగతా పన్నెండు పాఠాలు అక్కడ చెప్పించి పరీక్షకు పంపారు. మిగిలిన యాభై ఒక్క మందికీ ఏడాది పోయింది. సాంబశివరావు కృత్తివెన్ను వెళ్ళిపోయాడు. అతనికి రెండోసారి సెలవు దొరకలేదు. కాలేజీ మూసేసిన రోజున రహమతుల్లా గారు ఆఫీసు బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, అరవై మంది సర్టిఫికెట్లూ ఎవరివి వాళ్ళకు చేరేదాకా లేవలేదు. ఆ రోజుతో ఆయన ఉద్యోగమూ పోయింది.

రెండేళ్ళ తర్వాత గుడివాడలో ఒక హైస్కూల్లో మామూలు అసిస్టెంటుగా ఉన్నారని తెలిసి చూడబోయాను. టీ తెప్పించారు. గ్లాసు అందుకుని, "ఆ అర్జీ రాసింది నేనేనండీ" అన్నాను.

"తెలియకేం మాస్టారూ. ఆ దస్తూరీని ఏడాదంతా దిద్దినవాణ్ణి. భాష బాగుంది" అని, "మీ కృత్తివెన్ను స్నేహితుడు ఎలా ఉన్నారు?" అని అడిగారు. తెలియదన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"అన్ని సెక్షన్లలోనూ కార్బన్ ప్రతి ఇద్దామని స్టాఫ్ మీటింగులో ఒకసారి అన్నానండీ. అందరూ నవ్వారు. నాకూ సిగ్గేసి ఊరుకున్నాను. రెండోసారి అని ఉండవలసింది."

తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా బడులలో పనిచేశాను, అందులో పద్నాలుగేళ్ళు హెడ్మాస్టరుగా. పిల్లవాడి మీద చర్య తీసుకుంటే కారణం రాసి, ఒక ప్రతి ఇంటికి పంపాలన్నాను. మాస్టరు గురించి పైకి రాసే రిపోర్టు ముందు ఆ మాస్టరుకే చూపాలన్నాను. ఇలాంటివి ఎప్పుడు అన్నా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు నవ్వేవారు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా కూర్చుని, అదే మాట మళ్ళీ అనేవాణ్ణి.