పొద్దుటి చేపముక్క

వేపుడు మేస్త్రి తొమ్మిదేళ్లుగా ఆ బర్గర్ల కొట్లో మరిగే నూనె ముందే నిలబడుతున్నాడు గానీ, చేప బర్గర్ ఒక్కనాడూ ముట్టలేదు. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. పొద్దున వేయించిన ముక్క సాయంత్రం దాకా వేడిపెట్టెలో చెమటలు కక్కుతూ పడి ఉంటుంది. తమవాళ్లెవరైనా అడిగితే కౌంటరు పిల్ల బల్లమీద రెండుసార్లు తడుతుంది. అంటే కొత్తముక్క వేయించమని. ఆ సాయంత్రం తోడల్లుడు కొత్త కారు దిగి వచ్చాడు. "మా చెల్లెలి మొగుణ్ణి చూసి నేర్చుకోండి" అని ఇంట్లో భార్య రోజూ ఎత్తిపొడిచేది ఇతన్ని చూపించే. అడిగింది చేప బర్గరే. పిల్ల రెండుసార్లు తట్టింది. మేస్త్రికి వినబడింది. అద్దంలోంచి కారు మెరుపూ కనబడింది. పొద్దుటి ముక్కే బన్నులో పెట్టి, తనే పట్టుకెళ్లి ఇచ్చాడు.

తోడల్లుడు దాన్ని రెండుగా తుంచి పెద్దముక్క అతని చేతిలో పెట్టాడు. "ముందు మీరు తినండి అన్నయ్యా. మా బావగారిలా ఒళ్లొంచి పనిచెయ్యడం నేర్చుకోండని మా ఆవిడ మిమ్మల్ని చూపించే రోజూ నన్ను దెప్పుతుంది."

మేస్త్రి నమిలాడు. తోడల్లుడు రెండోముక్క కొరకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అదీ ఇటివ్వు. నీకు వేరేది వేయిస్తాను."