డాక్టరుగారి ఎడమ చంక

బస్సు రైలుగేటు దగ్గర ఆగిపోయింది గాని, లేకపోతే డాక్టరుగారి ఎడమ చంక సంగతి ఆయన దగ్గర పనిచేసే నర్సమ్మకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ చంకలో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. స్కానింగు చేసేముందు ఒంటికి రాసే జెల్లు సీసా. ఎండైనా వానైనా చొక్కా లోపల ఆ సీసా, దాన్ని అదిమిపట్టి ఆ చెయ్యి!

దాంతో ఆయనది ఒంటిచేతి సంసారం. గొడుగూ సంచీ రెండూ కుడిచేతికే. కూతురు పరీక్షలో మొదటి స్థానం కొట్టిననాడు ఇంటిల్లిపాదీ చంకలు గుద్దుకుంటే, ఆయన మాత్రం ఒక్క చంకే గుద్దుకున్నాడు.

"బల్లమీద పెట్టండి సార్, ఎవరెత్తుకుపోతారు?" అని నర్సమ్మ ఏళ్ల తరబడి పోరుతోంది.

"ఉండనీ తల్లీ, అలవాటైపోయింది."

మనుషుల అలవాట్లకు మూలం వెతకడం నదికి పుట్టుక వెతకడం లాంటిది. కొండలెక్కి కాళ్లు విరగ్గొట్టుకున్నాక కనబడేది ఏ రాతికిందో ఇంత చెమ్మ. నర్సమ్మ ఆ కొండ ఎక్కలేదు. పిచ్చి అని తేల్చేసి ఊరుకుంది.

ఆరోజు బస్సులో వాళ్లిద్దరి వెనకసీట్లో నిండు కడుపుతో ఒకామె దగ్గుతోంది. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఆయాసం. పక్కన ఆమె అత్తగారు.

"ఎన్నాళ్లుగా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"వారమైంది బాబూ, జ్వరం కూడాను," అంది అత్తగారు. "ఆసుపత్రిలో ఎక్స్‌రే అన్నారు. బిడ్డకేమవుతుందోనని ఇది లేచి వచ్చేసింది. ఇంటికెళ్లిపోతున్నాం."

"ఇంటికెళ్తే దగ్గు ఊరుకుంటుందా?"

"అది ఊరుకోకపోతే నేనే ఊరుకుంటా," అంది కోడలు, రొప్పుతూనే.

"అవసరమైతే కడుపుతో ఉన్నా ఎక్స్‌రే తీయించుకోవచ్చమ్మా. సరే, నీకు భయం కదా. బిడ్డను చూసే స్కానుతోనే ఊపిరితిత్తులు చూద్దాం. ఇందులో కిరణాలుండవు, ఉత్త శబ్దమే."

నర్సమ్మ మగవాళ్లందరినీ కిందికి దించింది.

"టిక్కెట్టు కొన్నాం గదండీ!" అన్నాడొకాయన.

"కింద నిలబడినా చెల్లుతుంది, దిగండి!"

ఆమె దుప్పటి అడ్డం పట్టింది. డాక్టరు సంచీలోంచి సబ్బుబిళ్లంత స్కాను యంత్రాన్ని తీసి, ఫోనుకు తగిలించి కోడలి వీపువైపు నడిచాడు.

"అటు కాదు బాబూ! బిడ్డ ముందుంది!" అని కేకేసింది అత్తగారు.

"బిడ్డ ముందే ఉందమ్మా. దగ్గు వెనకుంది."

కోడలు పళ్లు బిగబట్టింది. స్కానంటే ఆమెకు ఎరుకే. జెల్లు మంచుగడ్డలా తగులుతుంది, ఒళ్లు జల్లుమంటుంది. ఇప్పుడు జల్లుమంటే దగ్గు తెర లేస్తుంది, ఇక ఊపిరందదు. కళ్లు గట్టిగా మూసుకుంది. జెల్లు తగిలింది. దగ్గు రాలేదు.

"వెచ్చగా ఉందే!"

నర్సమ్మ చేతిలోని దుప్పటి జారింది. "సార్! ఇందుకా?"

"దుప్పటి పట్టుకో తల్లీ."

యంత్రం వీపంతా తిరిగి, కుడివైపు కింద ఆగిపోయింది. డాక్టరు ముఖంలో నవ్వు తగ్గింది. "ఇక్కడ నిమ్ము చేరిందమ్మా. గాలి ఆడాల్సిన చోట గట్టిపడింది. ఇంటికి కాదు, ఆసుపత్రికి. ఇప్పుడే."

"బిడ్డకో?"

"నీ ఊపిరే దాని ఊపిరి."

కోడలు మెల్లిగా అడిగింది: "అక్కడా ఇంత వెచ్చగానే చూస్తారా?"

డాక్టరు సీసాకు మూత బిగించి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

గేటు లేచింది. "ఆసుపత్రి మన దారిలో లేదు సార్," అన్నాడు డ్రైవరు.

"ఇవాళ ఉంది," అంది నర్సమ్మ.

ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, సూదిమందు ఎక్కించాక కోడలి ఆయాసం కాస్త దిగింది. అత్తగారు డాక్టరు కోసం చూస్తే ఆయన లేడు. మంచం పక్కన కుర్ర డ్యూటీ డాక్టరు నిలబడి ఉన్నాడు, ఎడమ చెయ్యి ఒంటికి అతుక్కుపోయినట్టు.

"చేతికేమైంది నాయనా?"

"ఏం లేదమ్మా," అన్నాడతను సిగ్గుపడుతూ. "పొద్దున మళ్లీ స్కాను చెయ్యాలి. దీన్ని చల్లారనివ్వకూడదట."

కోడలు గొట్టంతోనే నవ్వింది. దగ్గు రాలేదు.

నర్సమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. "సార్! చెప్పకుండా పోతారేంటి?"

ఆయన వెనక్కి తిరగలేదు. కొత్తగా నడక నేర్చినవాడిలా రెండు చేతులూ బారలు చాపి ఊపుకుంటూ, జనానికి తగిలిస్తూ, వీధి మలుపు తిరిగిపోయాడు.