ఇసుక తోకలన్నీ మా గేటు వైపే

ఎదురింటాయన ఇసుక నేను ఎత్తుకొచ్చానని మా వీధిలో చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఆ ఇసుకే నా ఇంటికి నడిచొచ్చింది.

ఈ వేసవిలో ఆయన ఇంటిమీద ఇంకో అంతస్తు మొదలుపెట్టి, రోడ్డు పక్కన ఇసుక పోయించాడు. మా ఇల్లు ఆ కుప్పకి తూర్పున. పడమట మైలవరం వైపు నుంచి వడగాలి లేచిన ప్రతి మధ్యాహ్నమూ మా వరండా నిండా ఇసుకే. ఊడ్చి ఊడ్చి విసుగెత్తి, ఊడ్చిందంతా క్రోటన్ కుండీల్లో పోశాను. కుప్ప తరిగిపోతోందని వెతుక్కుంటూ వచ్చినాయనకి సరిగ్గా అవే కనబడ్డాయి.

"ఇదేంటి మేడమ్? చర్చిలో ముందు వరసలో నిలబడి పాటలు పాడే మీరే ఇలా చేస్తే ఎలాగండీ?"

చర్చి మాటెత్తేసరికి నాకు ఒళ్లు మండింది. ఆయన్ని కుప్ప దగ్గరికి నడిపించాను.

"చూడండి. పడమటి వైపు ఎలా అరిగిందో! ప్రతి కంకర రాయి వెనకా సన్నటి ఇసుక తోక. తోకలన్నీ మా గేటు వైపే."

"అవి మీరు లాక్కెళ్లిన గుర్తులేగా!"

డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, ఊరుకుంటానా? ఫోన్ తీసి అంగారక గ్రహం ఫొటో చూపించాను. అక్కడా అవే రాళ్లు, అవే తోకలు.

"మన గాలి ముందు అక్కడి గాలి మరీ పలచనండీ. అయినా యుగాల తరబడి వీచి వీచి రాళ్లని నున్నగా అరగదీసింది. గుట్టల్ని తిరగేసిన పడవల్లా చెక్కింది. అక్కడికి ఏ ఆడమనిషి బకెట్ పట్టుకెళ్లిందండీ?"

ఆయన ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఇసుక సన్నగా ఉందండీ. ప్లాస్టరింగుకి భలే పనికొస్తది."

పైనుంచి ఆయన భార్య కేకేసింది. "ముందు ఆ ఇసుక మీద టార్పాలిన్ పట్టా కప్పించండి, గ్రహాల సంగతి తర్వాత చూద్దురుగాని!"

పట్టా కప్పించాడు. మర్నాటి నుంచి మా వరండాలో ఒక్క రేణువు లేదు. నేనే గెలిచాననుకున్నాను. ఈలోగా పాలబూత్ దగ్గర ఆయన అందరికీ చెబుతున్నాడు: "పట్టా కప్పానో లేదో, దొంగతనం ఆగిపోయిందండీ!"

అంటే నా సాక్ష్యమే ఆయన సాక్ష్యమూ అయి కూర్చుంది. మళ్లీ వెళ్లాను.

"ఒక్క మధ్యాహ్నం పట్టా తీయండి. వీధంతా మా వరండాలో కూర్చుని చూద్దాం. మజ్జిగ నేనిస్తా."

"మజ్జిగకి వస్తానండీ. పట్టా మాత్రం తియ్యను."

ఇసుక దొంగనన్న పేరు మోస్తున్నది నేను. పదిమంది ముందు పరీక్షకి నిలబడతానంటున్నదీ నేనే. మరి, నేనే దొంగనని అంత నమ్మకంగా చెప్పే మనిషి ఒక్క పూట పట్టా తీయడానికి ఎందుకు జంకుతున్నట్టు?