తేలిక కవచం

సూదులు గుచ్చిన ఎడమచెయ్యి మా ఆయన కదపకూడదు. కుడిచేత్తో ఫోను పట్టుకుంటే కాసేపటికే వేళ్లు వణుకుతాయి. అందుకని డయాలసిస్ గదిలో ఫోను నేను పట్టుకుంటాను. ఆయన చెబుతారు, నేను నొక్కుతాను.

ఆ ఆట ఆయనదే. ఖరగ్‌పూర్ ఖరిదా బజార్లో మా స్టీలు సామాన్ల కొట్లో బేరాలు లేని మధ్యాహ్నాలు ఎక్కడెక్కడి వాళ్లతోనో కలిసి ఆన్‌లైన్‌లో ఆడేవారు. ఇప్పుడు కొట్టు మా మరిది చూసుకుంటున్నాడు. మేమిద్దరం పొద్దున్నే లోకల్ రైలెక్కి మేదినీపూర్ ఆసుపత్రికి వెళ్లి, సాయంత్రానికి తిరిగొస్తాం.

ఈమధ్య ఆయన యుద్ధాలు మానేశారు. ఆటలోని కొలిమి దగ్గరే కూర్చుంటున్నారు. ఇనుము, తోలు, రకరకాల రాళ్లు కలిపి కవచం చేయాలి. ఏ రాయి వేస్తే డిఫెన్స్ పెరుగుతుందో, ఏది వేస్తే స్పీడ్ తగ్గుతుందో ఆట చెప్పదు. వేసి చూడాల్సిందే. వేసిన సరుకు మళ్లీ రాదు. దెబ్బలు ఆపాలి, కాళ్లకు అడ్డం పడకూడదు, అలాంటి కవచం కావాలని ఆయన పట్టుదల. ఒకటి తొడిగితే మా వీరుడు బురదలో ఎద్దులా నడిచాడు. ఇంకొకటి తొడిగితే ఒక్క బాణానికి పోయాడు. పాడైన ప్రతిదానికీ నేను మళ్లీ గనిలోకి వెళ్లి ఇనుము తవ్వాలి. ఇంట్లో పని, ఆసుపత్రిలో పని, ఫోన్లో కూడా పనే.

మా దగ్గర ఒక నీలం రాయి ఉండేది. పెద్ద పామును చంపితే దొరికింది, చాలా అరుదు. ఒకరోజు దాన్ని కొలిమిలో వేయమన్నారు.

"మీకేటైనా పిచ్చా? అది మళ్లీ దొరకదు" అన్నాను.

"దాసీసి ఏటి సేత్తాం? పెట్టీ."

వాదించే ఓపిక లేక వేసేశాను. కవచం వచ్చింది. డిఫెన్స్ అట్టడుగుకు పడిపోయింది, స్పీడ్ మాత్రం మేం ఎన్నడూ చూడనంత. నాకు ఏడుపొచ్చింది. ఆయన తొడగమన్నారు. తొడిగాను. వీరుడు కొండ ఎక్కి దిగి, తోడేళ్ల మధ్యనుంచి దూసుకుపోయి, ఆపలేక నేరుగా నదిలో పడ్డాడు.

మా ఆయన పకపకా నవ్వారు. పక్క మంచంమీది ముసలాయన ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునేవాడు, ఇటు తిరిగి, "కీ హోలో, దాదా?" అని బెంగాలీలో ఏమైందో అడిగాడు. ఫోను ముసలాయనకు చూపించమన్నారు మా ఆయన. మళ్లీ పరిగెత్తించాను, మళ్లీ నదిలో పడ్డాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. మిషను కుయ్యిమంది.

నర్సు పరిగెత్తుకొచ్చింది. "దీదీ, హాథ్ హిల్ రహా హై! ఇన్‌కో మత్ హసాయియే" అని, చెయ్యి కదిలిపోతోంది నవ్వించొద్దని నన్ను కోప్పడింది. తప్పయిందన్నాను. ఈ మంచం ఎక్కినప్పటినుంచీ ఆయన అలా నవ్వడం నేను వినలేదు. సంతోషించాలని తెలుసు. కానీ పొద్దుటినుంచి స్టూలుమీద కూర్చున్న నడుము లాగేస్తోంది. ఆ రాయి పోయిందన్న ఉక్రోషం కూడా పోలేదు.

తర్వాతిసారి వెళ్లేసరికి ఆట తయారుచేసినవాళ్లు లెక్కలన్నీ మార్చేశారు. మా కవచం స్పీడ్ సగానికి పడిపోయింది.

"పోనీలే. మళ్లీ సేద్దాం" అన్నారాయన.

"నా వల్ల కాదండి."

"మరి ఆపీద్దుమా?"

ఫోను ఒళ్లో పెట్టేసుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. చివరికి గనిలోకి వెళ్లి ఇనుము తవ్వడం మొదలుపెట్టాను. చప్పుడు విని కళ్లు తెరవకుండానే, "ఈసారి తోలు ఎక్కువెయ్యే" అన్నారు.

తిరుగు లోకల్లో కిటికీ సీటు ఆయనకిచ్చాను. కాసాయి నది వంతెన దాటినట్టు కూడా తెలియలేదు. కళ్లు తెరిచేసరికి నా తల ఆయన భుజంమీద ఉంది, బండి ఖరగ్‌పూర్‌లో ఆగి ఉంది, జనమంతా దిగిపోయారు.

"అలిసిపోనావు, లేపలేదు" అన్నారు.

సంచీ ఆయనే తీసుకోబోయారు. నేను లాక్కుని ముందు దిగాను.